ఒర్రెలో ఎద్దు

పోశన్న నులక మంచాన్ని నెత్తిన పెట్టుకుపోయి వీధి చివర సమాజ మందిరం అరుగు మీద వేసుకున్నాడు. నిన్న సాయంత్రం నుంచి ఇంటి వైపు తిరిగి చూడలేదు. పొద్దున కూతురు శ్రద్ధ పట్టుకెళ్ళిన చాయ్ గ్లాసు నిండుగానే తిరిగి వచ్చింది.

"తాగలేదా?" అని అడిగింది సంగవ్వ.

"పక్కన పెట్టుమన్నడు. పెట్టిన. సల్లారినంక తీస్కపొమ్మన్నడు."

సంగవ్వ గ్లాసు అందుకుని ఆ చాయ్ తనే తాగేసింది. పారబోయడానికి ఆమెకు మనసొప్పదు, మొగుడి అలక కోసమైనా సరే. అరిచే మొగుడితో ఆమె ఎన్నేళ్ళయినా వేగగలదు. ఆయన ఒకటంటే తను రెండు అనగలదు. నోరు మూసుకుని కూర్చున్న మొగుడితో ఏం చేయాలో మాత్రం ఆమెకు ఈనాటికీ తెలియదు.

ఇంతా చేసి నిన్న తండ్రీకొడుకుల మధ్య పెద్ద గొడవేమీ జరగలేదు. గుట్ట మీది గడ్డి నేలను ఊరివాళ్ళు మాళ్ అంటారు, అక్కడ కరెంటు కంపెనీ నిలబెట్టిన గాలిమరలను పవన్‌చక్కీలంటారు. వాటి కింద ఊళ్ళోని ఉమాబాయి బర్రె చచ్చి పడి ఉంటే కొడుకు నాగనాథ్ కంపెనీ జేసీబీ తెచ్చి, గుంత తవ్వి, పూడ్చిపెట్టాడు. అతని కొత్త నౌకరీ అదే. మాళ్ మీద ఏ పశువు చచ్చి పడినా, పక్షులు దిగకముందే మట్టి కప్పాలి. పూడ్చడం ఊరంతా చూసింది. చూసినవాళ్ళు ఊరుకోకుండా మోసుకొచ్చి పోశన్న చెవిన వేశారు.

కొడుకు ఇంటికి రాగానే పోశన్న ఒకటే అడిగాడు.

"ముట్టినవా?"

లేదని అంటే పోయేది. నాగనాథ్‌కు అబద్ధం చేతకాదు.

"కాలు అడ్డం పడ్డది బాపూ. జర నూకిన," అన్నాడు.

పోశన్న మంచం ఎత్తుకున్నాడు.

ఈ వీధి మగవాళ్ళు తాతల కాలం నుంచీ ఊరి పశువుల కళేబరాలు మోసినవాళ్ళు. పిలిస్తే పోవాలి, ఈడ్చుకుపోవాలి, తోలు తీయాలి. పోశన్న పడుచువాడుగా ఉన్న రోజుల్లో వీధి నడుమ ఆ ఈడ్చే తాళ్ళన్నీ కుప్ప పోసి కాల్చేశారు. ఇక ముట్టమని ఊరికి చెప్పేశారు. ఆ కుప్పకు నిప్పు పెట్టింది పోశన్నే. అప్పటి నుంచి ఊరు కూడా ఒక ఉపాయం కనిపెట్టింది. ముసలి పశువును బతికుండగానే మాళ్ మీదికి తోలేస్తే, చచ్చాక ఎవరూ ఎత్తాల్సిన పని లేదు. చాలా ఏళ్ళు అట్లాగే సాగింది. మాళ్ మీద గాలిమరలు లేవనంత కాలం ఎవరికీ ఇబ్బంది రాలేదు.

ఇంట్లో పొయ్యి దగ్గర అన్నాచెల్లెళ్ళు మొదలుపెట్టారు.

"అంత నీ నోటి పుణ్యమే," అన్నాడు నాగనాథ్ జొన్నరొట్టె తుంచుతూ. "సచ్చిన గొడ్ల కోసమే పక్షులు అస్తున్నయని కంపెనీ సారుకు చెప్పింది ఎవరు?"

"నేనే చెప్పిన. ఉన్నదే చెప్పిన."

శ్రద్ధ దేగ్లూర్ కాలేజీలో బీఎస్సీ చదువుతోంది. సెలవు రోజుల్లో గాలిమరల కింద నడిచి, దెబ్బ తగిలి పడిన పక్షులున్నాయేమో చూసి ఆఫీసుకు చెప్పడం ఆమె పని. చలికాలంలో ఒక పెద్ద గద్ద రెక్క తెగి పడి ఉంది. ఇంకా ప్రాణం పోలేదు. ఆ రోజు శ్రద్ధ అన్నం ముందు కూర్చుని లేచిపోయింది. మర్నాడే ఆఫీసుకు వెళ్ళి సారుకు చెప్పింది, గద్దలు గాలిమరల దగ్గరికి ఊరికే రావడం లేదని, కింద తిండి ఉంది గనక వస్తున్నాయని.

"పక్షులు సావద్దని చెప్పిన," అంది ఇప్పుడు. "ఆ పని మా అన్న నెత్తిన పడ్తదని అనుకోలే."

"ఇంకెవని నెత్తిన పడ్తది? గ్రామసభల సారు అడిగిండు. ఎవరు చేస్తరు, పర్మినెంటు నౌకరీ అన్నడు. మందంత ఒక్కసారే మన దిక్కు తిరిగి సూసిండ్రు. నువ్వు గూడ ఉన్నవ్ గదా."

"ఉన్న. నువ్వెందుకు చెయ్యి లేపినవ్?"

నాగనాథ్ రొట్టె ముక్క పళ్ళెంలో పెట్టేశాడు.

"నౌకరీ గాబట్టి లేపిన. మెడల కార్డు ఏస్కొని పొయ్యే నౌకరీ. నెల తిరిగేసరికి పగార్. బాపు చెరుకు కొట్టి కొట్టి నడుము ఇరగ్గొట్టుకున్నడు. నేను గూడ గంతేనా?"

శ్రద్ధ పొయ్యిలో కట్టె ఎగదోసింది.

"పుణెల రోడ్డు మీద కుక్క సస్తే మున్సిపాలిటీ బండి ఎత్తుకపోతది. ఆ డ్రైవర్‌ను ఎవడన్న ఒక్క మాట అంటడా?"

"గది పుణె," అంది సంగవ్వ చాటలో బియ్యం ఏరుతూ, తల ఎత్తకుండానే.

"ఎక్కడైతేంది అవ్వా? గాలితోని కరెంటు అస్తున్నది. పొగ లేదు, బొగ్గు లేదు. ఒక్క పక్షులు సావకుంట సూస్కుంటే అయిపాయె. మంచి పనే గదా ఇది?"

"మంచి పనే బిడ్డా. గంత మంచి పనైతే ఊరోళ్ళు ఒక్కడన్న ఎందుకు అడగలే? మీ బాపు అడిగేది గదే. నీకు సమజైతలేదు."

నాగనాథ్‌కు అర్థం కాకపోవడమేమీ లేదు. అర్థమైంది కాబట్టే గొంతు పెరిగింది. చేతులు కడుక్కుని కార్డు మెడలో వేసుకున్నాడు. కానీ గడప దాటలేదు. సమాజ మందిరం ముందు నుంచే పోవాలి మరి.

సంగవ్వ రొట్టె, పప్పు గిన్నెలో పెట్టుకుని తనే బయలుదేరింది.

పోశన్న అరుగు మీద గోడకు ఆనుకుని మాళ్ వైపు చూస్తున్నాడు. అక్కడి నుంచి గాలిమరల రెక్కలు కనిపిస్తాయి. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది.

"తింటవా, నన్ను గూడ పస్తుండుమంటవా?"

సంగవ్వ అరుగు అంచున కూర్చుంది. వీధిలో పోయే ఒకరిద్దరు వీళ్ళ వైపు చూసి చూడనట్టు పోయారు. సంగవ్వ వాళ్ళు మలుపు తిరిగేదాకా ఆగింది.

"నువ్వు తాళ్ళు కాలబెట్టిననాడు," అంది చివరికి సంగవ్వ, "నన్ను అడిగినవా?"

పోశన్న తల తిప్పాడు. ఈ మాట ఇన్నేళ్ళలో ఆమె నోట రాలేదు.

"వాడు నా కడుపుల ఉన్నడు. తెల్లారి నుంచి ఊళ్ళె ఒక్కడు కూలికి పిలువలే. బోరు కాడికి పోతే బిందె పెట్టనియ్యలే. నిండు చూలాలిని మర్ఖేల్ దాంక నడ్సి కలుపు తీసిన. నీకు యాదికున్నదా?"

"ఉన్నది."

"తప్పు చేసినవని అంటలేను. మంచిగ చేసినవ్. ఇయ్యాల్టికి గూడ నాకు గర్వమే. కని ఆకలి నాది గూడ. నీ ఒక్కని ప్రతిజ్ఞ కాదది."

పోశన్న తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. సంగవ్వకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. ఆమె వాటిని తుడుచుకోలేదు, దాచుకోలేదు.

"వానికి జీతం బండి నడిపినందుకు అస్తది," అంది. "గుంత తవ్వినందుకు అస్తది. గవి చేయనియ్. సచ్చిన గొడ్డుకు తాడు మాత్రం గొడ్డు ఎవలదో వాళ్ళే కట్టాలె. చెయ్యి వాళ్ళే పెట్టాలె. గట్లైతే నీ మాట పోదు, వాని నౌకరీ పోదు."

"వాళ్ళు ముట్టరు."

"ముట్టకపోతే పడి ఉండనియ్. మనకేంది?"

"పడి ఉంటే తెల్లయి దిగుతయి," అన్నాడు పోశన్న వెంటనే.

సంగవ్వ మొగుడి మొహంలోకి చూసింది. మాళ్ అంచున నిట్టనిలువు బండ ఉంది. ఆ బండ సందులో తెల్ల రాబందుల జంట గూడు పెట్టింది. పసుపు పూసుకున్నట్టుండే మొహాలు వాటివి. గూట్లో ఒక్కటే పిల్ల. శ్రద్ధ ఈ సంగతి చెప్పినప్పుడు పోశన్న ఊఁ కొట్టలేదు. విననట్టే ఉన్నాడు.

"మా నాయనతోని పోయేటోన్ని చిన్నప్పుడు," అన్నాడు పోశన్న మెల్లగా. "మేము తోలు తీస్తుంటే అవి సుట్టూత కూసుండేటియి. తొందరపెట్టేటియి గావు. మా పని అయినంకనే దగ్గరికి అచ్చేటియి. మా నాయన ఇగ రాండ్రి అనేటోడు, సుట్టాలను పిల్సినట్టు. అవి, మేము ఒక్క కాడ తిన్నోళ్ళం. మళ్ళ ఎటు పోయినయో ఒక్కటి గూడ కనవడకపాయె. ఇన్నేండ్లకు ఒక్క జంట అచ్చింది. ఒక్కటి సచ్చినా పిల్ల బతుకది."

"మరి?"

"అవి బతుకాలె. నా కొడుకు గా పని చేయొద్దు. రెండు గావాలె నాకు. ఎట్లనో తెలుస్తలేదు."

ఆయన అంత పొడుగు మాట మాట్లాడి ఎన్నాళ్ళయిందో. సంగవ్వ గిన్నె మూత తీసి ఆయన ముందుకు జరిపింది. పోశన్న రొట్టె అంచు తుంచాడు.

అప్పుడే వీధి మలుపులో మోటార్ సైకిల్ ఆగింది. రామచంద్రం పటేల్ కొడుకు కైలాస్. ఇంజన్ ఆపలేదు, బండి దిగలేదు.

"పోశన్నా, మా ముసలెద్దు సచ్చింది. మాళ్ మీద పవన్‌చక్కి కింద ఒర్రెల పడ్డది. తీస్కపోండ్రి."

నాగనాథ్ ఇంట్లోంచి బయటికి వచ్చాడు, మెడలో కార్డుతో. కైలాస్ అతని వైపు చూడనైనా లేదు. పిలిచింది పోశన్నను. వాడి తాత ఎట్లా పిలిచేవాడో వాడూ అట్లాగే పిలిచాడు. వాడికి చెడ్డ ఉద్దేశం ఉందని కాదు. వాడు పుట్టేసరికే తాళ్ళు బూడిదైపోయాయి. అయినా ఆ పిలుపు వాడికి ఎట్లా అబ్బిందో అబ్బింది.

పోశన్న తుంచిన రొట్టెను గిన్నెలో పడేశాడు. కొడుకు వైపు చూశాడు. నేను భయపడింది దీనికే అని ఆ చూపులో ఉంది. నాగనాథ్ తల దించుకున్నాడు.

"ఎద్దు మీదేనా?" అని అడిగింది సంగవ్వ.

"అవ్. చెప్పిన గదా."

"మరి మీ నాయన అచ్చి తాడు కట్టాలె. మా పిలగాడు ట్రాక్టర్ తెచ్చి గుంజుతడు. పూడుస్తడు. తాడు మేము కట్టం."

కైలాస్‌కు ఇది పరాచికంలాగా తోచింది. "కంపెనీ పగార్ ఇస్తలేదా ఏంది?"

"బండి నడిపేటందుకు ఇస్తది. నీ ఎద్దును ముట్టేటందుకు గాదు."

"నాయన ముడ్తడా? ఏం మాట పెద్దవ్వా అది."

"పోయి అడుగు."

కైలాస్ కాసేపు బండి హ్యాండిల్ పట్టుకుని అందరి మొహాలూ చూశాడు. ఎవరూ నవ్వకపోయేసరికి వెనక్కి తిప్పుకుని పోయాడు.

నాగనాథ్ తల్లి దగ్గరికి వచ్చాడు. "ఎవల నడిగి చెప్పినవ్ గా మాట? కంపెనీ నన్ను అడుగుతది, నిన్నడుగది. సాయంత్రం లోపట ఎత్తకపోతే నౌకరీ ఉంటదా?"

"అవ్వ చెప్పింది నిజమే అన్నా," అంది వెనకాలే వచ్చిన శ్రద్ధ.

"నువ్వు సప్పుడు చేయకు. నీ పక్షులే ముందు సస్తయి."

ఆ మాట నిజమేనని శ్రద్ధకు తెలుసు.

అన్నాచెల్లెళ్ళు కంపెనీ ట్రాక్టర్‌తో చేరేసరికి మాళ్ మీద ఎండకు గడ్డి తెల్లబడి ఉంది. వాన నీళ్ళు కోసిన ఆ ఒర్రె లోతుగా, ఇరుకుగా ఉంది. రెండు బండల నడుమ ఎద్దు పక్కకు ఒరిగి పడింది. జేసీబీ దిగే దారి లేదు. గట్టున ట్రాక్టర్ నిలిపి, ఎద్దుకు తాడు కట్టి గుంజాల్సిందే. సరిగ్గా ఆ ఒర్రె మీదనే గాలిమర తిరుగుతోంది.

గద్దలు అప్పటికే వచ్చేశాయి. వాటికి పైన, ఇంకా ఎత్తులో, తెల్ల రాబందులు రెండూ సుళ్ళు తిరుగుతున్నాయి. రెక్కల అంచుల నలుపు కింద నుంచే కనిపిస్తోంది. ప్రతి చుట్టుకూ కాస్త కిందికి వస్తున్నాయి.

శ్రద్ధ ఆఫీసు సారు నిలేష్‌కు ఫోన్ చేసింది. గాలిమర ఆపమని మరాఠీలో బతిమాలింది. ఆయన మంచివాడే. వెంటనే ఆపిస్తానన్నాడు. కానీ పొద్దు వాలితే గాలి బాగా లేస్తుందని, అప్పుడు ఆపి ఉంచడం తన చేతిలో లేదని, ఆలోపు ఎద్దును తీసేయమని చెప్పాడు. కాసేపటికి రెక్కలు నెమ్మదించి ఆగాయి.

"సూసినవా, సాయంత్రం దాంకనే," అన్నాడు నాగనాథ్. ట్రాక్టర్ మీంచి తాడు లాగాడు. "రామచంద్రం పటేల్ రాడు. అచ్చినా ముట్టడు. జర్రంత పని, నేనే కడ్త. ఎవలు సూస్తలేరు."

"నేను సూస్తున్న."

"బాపుకు చెప్తవా?"

"చెప్ప. నువ్వే చెప్తవ్. నీకు దాచుకునుడు రాదు."

నాగనాథ్ తాడు పట్టుకుని ఒర్రె గట్టున నిలబడిపోయాడు. చెల్లెలి మీద కోపం వచ్చింది. కోపం వెనకాలే ఏడుపు వచ్చింది. "ఏం చేయమంటవే మరి," అన్నాడు. "ఇది చేస్తే బాపు పోతడు. చేయకుంటే నౌకరీ పోతది, నీ పక్షులు పోతయి. నాకేం మిగుల్తది చెప్పు."

శ్రద్ధ పాఠంలో చదివిన విషయం మంచిదే, సారుకు చెప్పిన విషయమూ మంచిదే. ఆ మంచి అంతా ఎవరి చేతుల మీదుగా జరగాలో మాత్రం తను ఆలోచించలేదు. అందుకు ఆమెకు సిగ్గుగా ఉంది.

గడ్డిలో అడుగుల చప్పుడైంది. పోశన్న కర్ర పట్టుకుని గుట్ట ఎక్కి వస్తున్నాడు. నడుము నొప్పికి వంగిపోయి, ఆగి ఆగి నడుస్తున్నాడు. వెనకాల సంగవ్వ నీళ్ళ సీసాతో వస్తోంది.

"ముట్టకు," అన్నాడు కొడుకుతో.

పోశన్న ఒర్రెలోకి దిగి, ఎద్దుకు మూరెడు దూరంలో బండ మీద కూర్చున్నాడు. గద్ద ఒకటి వాలబోతే భుజం మీది తువ్వాలు విసిరాడు. అది ఎగిరిపోయింది. ఇంకొకటి వచ్చింది. మళ్ళీ విసిరాడు.

"ఏం చేస్తున్నవ్ బాపూ?"

"కావలి కాస్తున్న. నేను ముట్ట. దిగనియ్య."

"ఎంతసేపు కాస్తవ్?"

"గొడ్డు గలాయన అచ్చేదాంక."

మధ్యాహ్నం గడిచింది. ఈగలు ముసిరాయి, వాసన మొదలైంది. పోశన్న కదల్లేదు. సంగవ్వ చెంగు నెత్తిన వేసుకుని గట్టున కూర్చుంది. ఊళ్ళో సంగతి పాకినట్టుంది, మాళ్ పక్క రోడ్డు మీద జనం ఒక్కొక్కరే వచ్చి నిలబడుతున్నారు. దగ్గరికి ఎవరూ రావడం లేదు.

పొద్దు వాలుతుండగా రామచంద్రం వచ్చాడు. కైలాస్ రోడ్డు మీదనే బండితో ఆగిపోయాడు. రామచంద్రం గట్టు మీద నిలబడి ఎద్దును చూడకుండా పోశన్నను చూశాడు. ఇద్దరిదీ ఇంచుమించు ఒకే వయసు.

"ఏంది పోశన్నా ఇది? ఊరంత సూస్తున్నది."

"సూడనియ్ పటేలా."

"మా నాయన చేయలే గీ పని. మా తాత చేయలే."

"మా నాయన చేసిండు. మా తాత చేసిండు. నేను బంద్ పెట్టిన. ఇడిసిపెట్టాల్నంటే ఇడిసిపెట్టచ్చు పటేలా. నేను ఇడిసిపెట్టిన గదా."

రామచంద్రం ఎద్దు వైపు అప్పుడు చూశాడు. చూశాక గట్టు మీదే కూలబడ్డాడు.

"నా కొట్టంల పుట్టింది," అన్నాడు. "దీని అవ్వ సస్తే సీసతోని పాలు తాపిన. పదేండ్లు నా ఎంబడి దున్నింది. ఆఖరుకు లేవలేకపోతే, కండ్ల ముంగట పాణం పోతుంటే సూడబుద్ది గాలే. కైలాస్‌ను తోలుకపొమ్మన్న. నేను ఇంట్ల పండుకున్న."

"తెలుసు," అన్నాడు పోశన్న. "అందరు గట్లనే తోల్తరు."

"గట్టిగ తిట్టరాదు?"

"ఎందుకు తిడ్త? నీకు దుఃఖం అచ్చింది. నాకు సమజైంది. కని నీ దుఃఖం నా కొడుకు మోయడు."

శ్రద్ధ ఫోన్ మోగింది. నిలేష్ సారు. గాలి లేచిందని, ఇక ఆపి ఉంచలేనని, కాసేపట్లో గాలిమర మొదలవుతుందని చెప్పాడు. శ్రద్ధ ఆకాశం వైపు చూసింది. రాబందుల్లో ఒకటి సుడి విడిచి బాగా కిందికి వచ్చేసింది. గాలిమర రెక్కలంత ఎత్తులోనే ఎగురుతోంది.

"బాపూ, చక్కి షురూ చేస్తరట," అంది.

నాగనాథ్ తాడు తీసుకుని ఒర్రెలోకి ఒక అడుగు వేశాడు. పోశన్న కొడుకు ముఖం చూశాడే తప్ప ఆగమనలేదు. ఇంకొక అడుగు పడేలోపు ఎవరో వెనక నుంచి ఆ తాడు పట్టుకున్నారు.

తాడు అందుకున్న రామచంద్రం చెప్పులు విడిచి దిగాడు. రోడ్డు వైపు ఒకసారి చూశాడు. అక్కడ తమ్ముడి వరసవాడెవరో "వద్దు అన్నా" అని కేకేశాడు. రామచంద్రం వినిపించుకోకుండా ఎద్దు దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. దాని నుదుటి మీద చెయ్యి పెట్టి, కొమ్ముల నడుమ మెల్లగా నిమిరాడు. బతికి ఉన్నప్పుడు రోజూ అట్లాగే నిమిరేవాడేమో.

తర్వాత తాడు చుట్టాడు, కొమ్ములకు. నాగనాథ్ ట్రాక్టర్ కదిలించాడు. తాడు జారిపోయింది. మళ్ళీ చుట్టి, మళ్ళీ బిగించాడు. ఈసారి మెడ విరిగినట్టు వెనక్కి పోయి ముడి ఊడిపోయింది. రామచంద్రం ఎద్దు తలను రెండు చేతులతో తిరిగి సరిగ్గా పెట్టాడు.

"పోశన్నా," అన్నాడు తల ఎత్తకుండా. "ఎట్ల కడ్తరో నాకు తెల్వది."

నాగనాథ్‌కూ తెలియదు. తెలియకూడదనే పోశన్న కొడుక్కి ఆ ముడి నేర్పలేదు. ఆ ముడి తెలిసినవాళ్ళలో వీధిలో మిగిలింది పోశన్న ఒక్కడే. తనతోనే పోవాలని అతను అనుకున్నాడు.

"కొమ్ములకు గాదు పటేలా," అన్నాడు పోశన్న. "నాలుగు కాళ్ళు దగ్గరికి తియ్యి. కింది నుంచి తే."

రామచంద్రం కాళ్ళు దగ్గరికి తీశాడు. తాడు కింది నుంచి తెచ్చాడు.

"మీది కొస లోపటికి. అటు గాదు. ఇటు దిక్కు."

తాడు మళ్ళీ జారింది. పోశన్న రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని ఒకదానితో ఒకటి గట్టిగా పట్టుకున్నాడు. ఆ ముడి నోటితో చెప్పగలిగేది కాదు. తనకూ ఎవరూ నోటితో చెప్పలేదు. తండ్రి తన చేతుల మీద చేతులు పెట్టి నేర్పాడు.

పైన ఎక్కడో సన్నగా మోత లేచింది. గాలిమర రెక్క కదిలి, ఒర్రె మీదుగా దాని నీడ మెల్లగా జరిగింది.

రామచంద్రం తాడు వదల్లేదు. రోడ్డు మీద ఊరంతా నిలబడి చూస్తుండగా, తన రెండు చేతులూ పోశన్న వైపు చాపాడు.

"నా చెయ్యి పట్టి సూపెట్టు," అన్నాడు.